గంటల్లో గడ్డి కుక్కిన ఊరు

నా ఉద్యోగం ఏమిటని ఈ కాలపు పిల్లలు అడిగితే "అరవడం" అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు గానీ అది నిజం. ప్రచార శాఖలో సహాయకుడిని. ఒక వ్యాను, ఒక మైకు, గోడకు కట్టే తెర ఒకటి, వాటితో పాటు నేను. నెల్లూరు జిల్లాలో మట్టిరోడ్డు ఉన్న ప్రతి ఊరికీ వెళ్లి మశూచి టీకాల గురించి అరిచాను, జపాను పద్ధతి వరిసాగు గురించి అరిచాను, పొదుపు గురించి జేబులో చిల్లర లేకుండా అరిచాను. సర్కారు పని లేని సాయంత్రాల్లో సొంత ఖర్చు మీద అరిచాను. బాణామతి లేదన్నాను, పూనకాలు బూటకమన్నాను, రాహుకాలంలో బయల్దేరిన రైలు కూడా గూడూరు చేరుతుందన్నాను. నా సభల్లో నాతో వాదించడానికి శాస్త్రులు వచ్చేవారు, పాదిరీలు వచ్చేవారు, ఒక్కోసారి ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. నా పుణ్యాన వాళ్లకు స్నేహం కుదిరింది.

అలాంటి నేను ఒక చలికాలం నోరు తగ్గించుకుని ఒక పని చేశాను. దాని కథ ఇది. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు చదువుతుంటే, పై అధికారితో ఎలా వాదించకూడదో కూడా ఇందులో దొరుకుతుంది. ఆ భాగం శ్రద్ధగా చదవండి.

అరవైల మొదట్లో మా పైవాళ్లకు ఒక కోరిక పుట్టింది. పట్నం జనాన్ని, బడిపిల్లల్ని చలికాలంలో ఆరుబయటికి తీసుకుపోవాలి, పాత కోటలూ సముద్రతీరాలూ పక్షుల చెరువులూ చూపించాలి. దానికి శీతాకాల విహారం అని పేరు పెట్టారు. నెల్లూరులో చలికాలమంటే ఉక్కపోత సెలవు మీద వెళ్లిన కొన్ని వారాలే గదా, ఆ సెలవు ముగిసేలోగా కార్యక్రమాలన్నీ జరిపించాలి. ఆ భారం మా ఆఫీసరుగారి మీద, ఆయన చేతుల మీదుగా నా మీద పడింది.

ఆఫీసరుగారు చెడ్డవాడు కాదు. ఉపన్యాసం లేని చోట ప్రభుత్వం ఉందంటే నమ్మలేడు, అంతే. ఐదు వేళ్లకూ రంగురాళ్ల ఉంగరాలుండేవి. పంచాంగం చూడకుండా జీపు ఎక్కేవాడు కాదు. మొదటి విహారం ఉదయగిరి కోటలో పెట్టాం. కొండ కింద షామియానా వేయించి, కోట గొప్పతనం గురించి ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పి చెప్పి ఎండ ఎక్కింది. ఇక కొండెక్కే ఓపిక ఎవరికీ లేక అందరూ పులిహోర తిని ఇళ్లకు వెళ్లారు. ఆ రోజు కోట చూసినవాడు మా డ్రైవరొక్కడే. ఉపన్యాసం వినపడని చోటు వెతుక్కుంటూ పైదాకా వెళ్లిపోయాడు.

రెండోది సముద్రం ఒడ్డున పాడుబడ్డ దీపస్తంభం దగ్గర. అక్కడ అలల హోరు మా మైకును మింగేసింది. ఆఫీసరుగారు పెదాలు ఆడించడం కనపడింది, మాట వినపడలేదు. జనం చాలా సంతోషంగా చప్పట్లు కొట్టారు. ఆయన దాన్ని అవమానంగా తీసుకున్నాడు. మద్రాసు నుంచి పెద్ద హారన్ తెప్పించాడు. నీళ్లబిందె దూరేంత వెడల్పు మూతి దానికి. మా మైకు ఆపరేటరు దాన్ని పెళ్లికూతురిని తెచ్చినట్టు తెచ్చి, రోజూ పసుపు గుడ్డతో తుడిచేవాడు.

మూడో విహారానికి చిట్టమూరు దాటాక సముద్రం వైపున్న ఒక చిన్న ఊరిని ఎంచుకున్నారు. ఆ ఊరి చెరువులో నీటి కడప చెట్లు మొలలోతు నీళ్లలో నిలబడి ఉంటాయి. వానలు పడి చెరువు నిండగానే ఎక్కడెక్కడి నుంచో గూడబాతులొచ్చి ఆ కొమ్మల మీద గూళ్లు కడతాయి. పెద్ద పిట్టలు, గడ్డం కింద సంచీ వేలాడుతుంటుంది. సంతకెళ్లి సరుకులు మరిచిపోయిన షావుకారులా నిలబడతాయి. చలికాలమంతా గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి.

ముందుగా చూసిరావడానికి ఆఫీసరుగారు, ఆపరేటరు, డ్రైవరు, నేను వ్యానులో వెళ్లాం. కట్ట ఎక్కగానే ఆఫీసరుగారి ముఖం వికసించింది. చెట్లు కొమ్మల చివరిదాకా తెల్లగా ఉన్నాయి.

"మనమొస్తున్నామని అప్పుడే చెట్లకు సున్నం కొట్టించినారా? ఈ ఊరి మునసబుకు మర్యాద తెలుసయ్యా" అన్నాడు.

మాకు ఎదురొచ్చి పక్కనే నిలబడ్డ మునసబు నా వైపు చూశాడు. నేను ఆపరేటరు వైపు చూశాను. చివరికి డ్రైవరు చెప్పాడు, "అది పిట్టల రెట్ట సార్."

ఆఫీసరుగారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. సభకు అతిథిగా పిలిచిన నాయకుడుగారు వచ్చేలోగా పంపు పెట్టి చెట్లన్నీ కడిగించమన్నాడు. చెట్లు కడిగితే ఊరు మమ్మల్ని కడిగేస్తుందని మునసబు మెల్లగా నచ్చజెప్పాడు. ఆ రెట్ట కలిసిన నీళ్లే తూము నుంచి పొలాల్లోకి పోతాయి. ఆ ఆయకట్టులో పండే మొలగొలుకుల వరికి వేరే ఎరువు అక్కర్లేదు. ఊరి అన్నం ఆ చెట్ల మీదినుంచే దిగుతుంది.

ఆ ఊళ్లో ఇంకో వింత చూశాను. మేము కట్ట మీద ఉండగా ఒక పెళ్లిబృందం ఎదురొచ్చింది. రెండెడ్ల బండి, ముందు మేళం. కట్ట మొదట్లో ఒక రాయి ఉంది. ఆ రాయి దగ్గరికి రాగానే సన్నాయి ఆగింది. డోలు కొట్టేవాడు డోలుకు తడిగుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. బండివాడు దిగి, ఎద్దుల మెడ గంటల్లో గడ్డి కుక్కాడు. పెళ్లికొడుకు చెప్పులు చేత పట్టుకుని దిగి నడిచాడు. కట్ట ఇటు చివర దాకా అందరూ మూగవాళ్లలా నడిచి, రోడ్డెక్కాక గడ్డి తీసేసి మళ్లీ వాయించుకుంటూ పోయారు. గూడు కట్టే నెలల్లో ఇది ఆ ఊరి కట్టడి. ఊరి చివర క్రైస్తవుల పాలెం ఉంది. క్రిస్మస్ ముందు వాళ్లు ఇంటింటికీ పాడుతూ వచ్చేటప్పుడు కూడా ఆ రాయి దగ్గర తప్పెట దించి, పాట గొంతులోనే ఆపుకుని నడుస్తారట.

ఇంకేం, నా లోపలి సంస్కర్త నిద్ర లేచాడు. ఆ సాయంత్రమే సావిడి ముందు సభ పెట్టాను. చెరువుకు దూరం కాబట్టి చిన్న మైకుకు అభ్యంతరం లేదన్నారు. "మీరెందుకు నిశ్శబ్దంగా నడుస్తారు? కారణం చెప్పండి" అని అడిగాను. ఒక రైతు లేచి, అవి గంగమ్మ పంపిన పిట్టలన్నాడు. పాలెం బడిలో చదువు చెప్పే అయ్యవారు లేచి, గంగమ్మ కాదు, ఆకాశపక్షుల్ని పోషించే తండ్రి పంపినవన్నాడు. "నేను కారణం అడిగితే మీరు ఇద్దరు దేవుళ్లను చూపిస్తున్నారు" అన్నాను. నాకు చాలా నచ్చిన మాట అది. జనం కూడా నవ్వారు.

అప్పుడు వెనక నుంచి ఒక పెద్దావిడ లేచింది. తూముకు చివరి పొలం ఆమెది. చెరువు బాగుంటే అందరికన్నా ఆలస్యంగా నీళ్లు అందేది ఆమెకు, బాగాలేకపోతే అసలు అందనిది కూడా ఆమెకే. భర్త లేడు. నాగలి పట్టడం తప్ప పొలం పనులన్నీ చేసేది. తెల్లజుట్టు కొప్పు పెద్దది.

"ఏందబ్బయా, నీ కూతురు పురిటికొస్తే ఇంట్లో తప్పెట కొట్టించుకుంటావా?"

"అవి కూతుళ్లు కావు పెద్దమ్మా, పక్షులు."

"ఆ సంగతి వాటికి చెప్పినావా?"

ఈసారి జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నాకు అంత నచ్చలేదు.

అలాగని ఆమె చెప్పినవన్నీ నిజాలని కాదు. గూళ్లు లెక్కపెడితే పిట్టలు లేచిపోతాయన్నది ఆ ఊరి ఇంకో నమ్మకం. మర్నాడు ఉదయం అందరూ చూస్తుండగా కట్ట మీద నిలబడి వేలు చూపించి మరీ లెక్కపెట్టాను. ఒక్క పిట్ట కదల్లేదు. "ఏం పెద్దమ్మా?" అని మీసం దువ్వాను. "తప్పు లెక్కబెట్టుంటావు" అంది ఆమె.

ఆ ఏడాది వానలు ఆలస్యంగా పడ్డాయి. చెరువు ఆలస్యంగా నిండింది, పిట్టలు ఆలస్యంగా వచ్చాయి. మామూలుగా అయితే మా విహారం నాటికి పిట్టల పిల్లలు బొద్దుగా ఎదిగి ఉండాలి. ఆ ఏడు ఇంకా గుడ్లే. కొన్నేళ్ల కిందట ఎవరో దొరలాంటి మనిషి వేటకొచ్చి చెరువులో తుపాకీ పేల్చాడని, ఉన్న పిట్టలన్నీ గూళ్లు వదిలి లేచిపోయాయని, మరుసటి ఏడు ఒక్కటీ రాలేదని, ఆ ఏడు గింజ పాలుపోసుకోక తాలు ఎగిరిందని పెద్దావిడ చెప్పింది. నేను దాన్ని కూడా నమ్మకాల ఖాతాలోనే వేసుకున్నాను.

కార్యక్రమం రేపనగా మధ్యాహ్నం వ్యాను సామానుతో వచ్చింది. ఆఫీసరుగారు చెప్పినట్టే ఆపరేటరు కొత్త హారన్‌ను కట్ట మీది తాడిచెట్టుకు కట్టాడు. దాని మూతి చెరువు వైపుకే ఉంది. సాయంత్రం పరీక్షిద్దామని నేను అనేలోగా అతను మైకు చేతిలోకి తీసుకుని, ఆపరేటర్లందరూ చేసే పని చేశాడు.

"హలో, హలో. వన్, టూ..."

చెరువంతా లేచింది. ఆ చప్పుడును ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. వందమంది చాకళ్లు ఒకేసారి తడిదుప్పట్లు దులిపితే అలా ఉంటుందేమో. ఆకాశం తెల్లబడింది. మేము పైకి చూస్తూ నిలబడ్డాం. కిందికి చూసింది కాకులు. అవి ఎక్కడ దాక్కున్నాయో గానీ, ఆ చప్పుడు కోసమే కాచుకున్నట్టు గూళ్ల మీద వాలాయి. ఒక గుడ్డు పగిలి కొమ్మ మీదనుంచి కారింది. ఇంకొకటి నీళ్లలో పడింది. ఒక కాకి గుడ్డును ముక్కుతో పొడిచి ఎత్తుకుని మా నెత్తిమీదుగానే పోయింది. గూడబాతులు తిరిగొచ్చేసరికి కొన్ని గూళ్లు ఖాళీ. ఒక పిట్ట ఖాళీ గూట్లో వాలి, సంచీ మెడకు ఆనించి, ఆ పుల్లల్ని ముక్కుతో అటూ ఇటూ సర్దింది. చాలాసేపు సర్దింది.

ఆపరేటరు తీగ పీకేశాడు. "సార్, నేను త్రీ దాకా కూడా పోలేదు" అన్నాడు.

తార్కికుడు వాదంలో ఓడినా ఒప్పుకోడు గానీ, కళ్లతో చూశాక ఒప్పుకోకపోతే ఇక అతను తార్కికుడు కాడు. గంగమ్మ లేదు, కాకులున్నాయి. వాళ్లు చెప్పిన కారణం తప్పు, చేసిన పని ఒప్పు. ఎవరో ఒకరి తాతలు ఇదే చూసి ఉంటారు. చూసినదాన్ని మనవలకు గుర్తుండేలా చెప్పడానికి దేవతను అరువు తెచ్చుకుని ఉంటారు.

నేను ఆఫీసరుగారు బస చేసిన బంగళాకు సైకిల్ మీద వెళ్లాను. ఇదే ఆ శ్రద్ధగా చదవాల్సిన భాగం. నేను కాకుల స్వభావం గురించి, పొదిగే పక్షి శరీర వేడి గురించి, ఆయకట్టు ఎరువు గురించి నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఆయన కాఫీ తాగుతూ విన్నాడు.

"మైకు లేని సభ ఏం సభయ్యా? రేపొచ్చేది ఎవరనుకున్నావు? ఆయన గొంతు విప్పితే చిల్లకూరులో వినపడాలి. పైగా దీపస్తంభం దగ్గర జరిగింది చాలు."

"మైకు పెడితే గుడ్లు దక్కవు సార్."

"పిట్టలు మళ్లీ పెడతాయి. నీ ఉద్యోగం ఇంకా తాత్కాలికమేగా?" అని చాలా ఆప్యాయంగా అడిగాడు. "ఈ సీజను బాగా జరిగితే ఖాయం చేయమని రాద్దామనుకుంటున్నాను."

వ్యాను దగ్గరికి తిరిగొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. పెద్దావిడ వ్యాను మెట్టు మీద కూర్చుని ఉంది. డ్రైవరు, ఆపరేటరు పక్కన నిలబడి తల్లి ముందు తప్పుచేసిన పిల్లల్లా చేతులు నలుపుకుంటున్నారు.

"ఒప్పుకోలా?" అంది.

"లేదు పెద్దమ్మా."

"సరే. మీ ఆఫీసరు ఏ దేవుడికి జడుసుకుంటాడో అది చెప్పు చాలు."

నేను చెప్పేలోగా డ్రైవరు అందుకున్నాడు. "అందరికీ జడుసుకుంటాడు పెద్దమ్మా. పిల్లి ఎదురైతే జీపు వెనక్కి తిప్పిస్తాడు."

"అయితే తేలికే గదా. రేపు మైకు పట్టుకోగానే నాకు అమ్మోరు పూనుద్ది. కొప్పు ఇప్పినానంటే మీ ఆఫీసరు గూడూరు దాకా ఆగకుండా పరిగెత్తాల."

"నీకు నిజంగా పూనుతుందా?" అని అడిగాను.

"యాడ పూనుద్ది? పొలం పనికే తీరిక లేదు. మా అత్తకు పూనేది. చూసి నేర్చుకున్నా."

మీరు నవ్వుతారేమో. నేను ఆ మెట్టు మీద ఆమె పక్కన కూలబడ్డాను. పూనకం బూటకమని జిల్లా అంతా అరిచినవాణ్ణి. రేపు నా సొంత కార్యక్రమంలో, నాకు తెలిసి, నా ఎదుటే బూటకపు పూనకం. దానికి భయపడి సర్కారు మైకు దించుతుంది. ఆ ముచ్చట ఊళ్లన్నీ పాకుతుంది. ఆ తర్వాత నేను ఏ ముఖంతో ఏ సావిడి ముందు నిలబడాలి?

"వద్దు పెద్దమ్మా. అబద్ధంతో గెలవకూడదు."

"అట్నా? గుడ్లు పోతే నీ సిద్ధాంతం మీద కూసోని పొదుగుతావా?"

జీవితంలో నాతో వాదించిన శాస్త్రుల్లో, పాదిరీల్లో ఒక్కరూ ఇంత సూటిగా అడగలేదు. గడువు ఇమ్మన్నాను. రేపు సభలో ఏదో ఒకటి చేస్తానన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు.

"మీ వోళ్లు మైకు ముట్టుకునేదాకా నీ వొంతు" అంది ఆమె లేస్తూ. "ముట్టుకుంటే నా వొంతు."

మర్నాడు ఉదయం కట్ట మీద పందిరి. కోవూరు నుంచి, నెల్లూరు నుంచి బడిపిల్లలు టిఫిను డబ్బాలతో దిగారు. మునసబు కట్ట మొదట్లోని రాయి దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి బండి ఎద్దుల గంటల్లో గడ్డి కుక్కిస్తున్నాడు. అతిథిగారి కారు హారన్‌లో కూడా కుక్కబోతే ఆ కారు డ్రైవరు ఆపాడు. అతిథిగారు ఖద్దరు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ దిగాడు. వయసు మళ్లినా కళ్లు చురుకైనవి. పందిట్లో ఎవరెవరున్నారో, ఎవరు లేరో కూర్చునేలోగా చూసేసుకున్నాడు.

ముందు వరసలో ఆడవాళ్లు. వాళ్ల మధ్య పెద్దావిడ. స్నానం చేసి, పూనకానికి తగ్గట్టు ముఖాన కుంకం పెద్దగా పెట్టుకుని వచ్చింది. ఆమె వైపు చూసి ఆఫీసరుగారు ఎందుకో నమస్కారం కూడా పెట్టాడు.

దండలయ్యాయి. ఆఫీసరుగారు ఆపరేటరుకు సైగ చేశాడు. ఆపరేటరు కదల్లేదు. తీగ ముడిపడిందన్నట్టు కిందికి వంగి ఏదో వెతుకుతున్నాడు. ఆఫీసరుగారు తానే రెండడుగులు వేసి మైకు వైపు చేయి చాచాడు. నేను పెద్దావిడ వైపు చూశాను. ఆమె చేయి కొప్పు మీదికి వెళ్లింది. కళ్లు నా మీదే ఉన్నాయి. చేస్తావా, నన్ను చేయమంటావా అని ఆ చూపు.

నేను లేచి నేరుగా అతిథిగారి దగ్గరికి వెళ్లాను. పరిచయం లేదు, మర్యాద లేదు. చెవి దగ్గర వంగాను. రాత్రంతా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం, కాకుల స్వభావం, శరీర వేడి, అంతా అక్కడికి వెళ్లేసరికి మాయమైంది. నోట్లోకి వచ్చింది ఇది:

"అయ్యా, ఆ మైకు మోగితే పిట్టలు లేస్తాయి. లేస్తే కాకులు గుడ్లు తింటాయి. పిట్టలు పోతే ఈ పొలాలు పండవు. మీ ఎదురుగా కూర్చున్నవాళ్లందరూ ఆ పొలాలవాళ్లే. పిట్టలు ఎవరి సభలో లేచిపోయాయో వాళ్లు మరిచిపోరు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత చెరువు వైపు చూశాడు. తాడిచెట్టు మీద, మా హారన్ అంచునే, ఒక కాకి కూర్చుని ఉంది. తర్వాత జనాన్ని చూశాడు.

"ఈ చెరువు కింద ఎన్ని ఊళ్లు?" అన్నాడు నెమ్మదిగా.

"తూము నీళ్లు పారినంత మేరా అందరూ మీవాళ్లేనండి" అన్నాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. అప్పటికే మైకు మెడ పట్టుకున్న ఆఫీసరుగారి చేతిమీద చేయి వేశాడు. "అది దించెయ్యండి. పిట్టలు గుడ్లమీదుండగా అరిచే మనిషిలా కనపడతన్నానా నేను?" అన్నాడు. కట్ట కింద పుట్టి, గంటల్లో గడ్డి కుక్కుతూ పెరిగినవాడిలా అన్నాడు. ఆఫీసరుగారు మైకును వదలకుండానే తల ఊపాడు.

పెద్దావిడ కొప్పు మళ్లీ బిగించింది. నా వైపు చూడలేదు. పక్కనున్న ఆవిడ చెవిలో ఏదో అంది, ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక సభ. అతిథిగారు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. వెనకవాళ్లకు వినపడక ముందుకు జరిగారు. వాళ్ల వెనకవాళ్లూ జరిగారు. కాసేపటికి ఆయన చుట్టూ జనం మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. మైకు ముందు దశాబ్దాలు మాట్లాడిన మనిషి, ఎదుటివాళ్లకూ నోళ్లుంటాయని ఆ రోజే కనుక్కున్నట్టున్నాడు.

"మన పిల్లలకు ప్రకృతి..." అని ఆయన అనగానే ఒక రైతు అడిగాడు, "అన్నా, వాగు మీద చప్టా సంగతేంది?"

"చప్టా తప్పకుండా..."

"పోయినసారీ తప్పకుండానే అన్నావు."

"ఈసారి మంజూరు చేయిస్తాను."

"వినపళ్లా" అంది పెద్దావిడ. "ఇంకోసారి చెప్పు నాయనా."

ఆయన ఇంకోసారి చెప్పాడు. మా పాలెం వైపు వాళ్లం విన్లేదు అన్నాడు అయ్యవారు. అటు తిరిగి మళ్లీ చెప్పాడు. ఒక్క వాగ్దానాన్ని అన్ని దిక్కులకూ తిరిగి చెప్పిన నాయకుణ్ణి నేను మళ్లీ చూడలేదు. మైకు వల్ల నాయకుడి మాట జనానికి వినపడుతుందని అన్నాళ్లూ అనుకునేవాణ్ణి. జనం మాట నాయకుడికి వినపడకుండా ఉండేది కూడా దానివల్లేనని, ముప్పావు ఉద్యోగం మైకుతో చేయాల్సినవాణ్ణి, అక్కడ కూర్చుని తెలుసుకున్నాను. ఉపన్యాసం తొందరగానే అయిపోయింది. పిల్లలకు బోలెడంత పొద్దు మిగిలింది. మా విహారాల్లో విహారం జరిగింది ఆ రోజే. పిల్లలు చెప్పులు చేత పట్టుకుని కట్ట పొడవునా నడిచారు. ఎవరైనా గట్టిగా నవ్వబోతే పక్కవాళ్లు గిచ్చారు. గూడబాతులు గుడ్ల మీదనుంచి లేవకుండా మెడలు మాత్రం తిప్పి వాళ్లను చూశాయి.

ఆ చప్టా వేశారా అని అడగకండి. వేశారు. వాగు సగం దాకా.

ఆఫీసరుగారు పైకి పంపిన నివేదికలో కార్యక్రమం ఆర్భాటం లేకుండా జరిగిందని రాశాడు. అది మెచ్చుకోలు కాదు. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో చలికాలం పట్టింది. ఆ హారన్‌ను ఆయన జీపులో పెట్టుకుని వేరే జిల్లాకు బదిలీ అయ్యాడు. పంచాంగం చూసే బయల్దేరి ఉంటాడు.

మరుసటి చలికాలం మశూచి ప్రచారానికి అదే దారిన వెళ్లాల్సి వచ్చింది. వానలు బాగా పడ్డాయి, చెరువు నిండింది. కట్ట మొదట్లో రాయి దగ్గరికి రాగానే డ్రైవరు నన్ను అడక్కుండానే ఇంజను ఆపేశాడు. మా వ్యాను ఇంజను చప్పుడు ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు అది ఎందుకో చెప్పక్కర్లేదు. ఆపరేటరు దిగి మా చిన్న హారన్‌కు తడి తువ్వాలు చుట్టాడు. డ్రైవరు స్టీరింగు పట్టుకుని పక్కన నడిచాడు. నేనూ ఆపరేటరూ వెనక నుంచి వ్యానును తోయడం మొదలుపెట్టాం. సర్కారు ప్రచార వ్యాను ఒక్క మాట లేకుండా కట్ట మీద పాకుతోంది. చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. ప్రతి కొమ్మ మీదా ఒక షావుకారు.

తూము దగ్గర పెద్దావిడ గడ్డిమోపు దించుకుని కూర్చుని ఉంది. చెమటలు కారుస్తూ తోస్తున్న నన్ను చూసి లేచి దగ్గరికొచ్చింది. ఆమె గొంతు ఆ చోట ఎవరి గొంతైనా ఉండేంత చిన్నగానే ఉంది.

"పోయినేడు ఇంకొంచెం ఆలస్యం చేసినావంటే అమ్మోరు వొచ్చేసుండేది."

"తెలుసు పెద్దమ్మా."

ఆమె వ్యాను వైపు, తడి తువ్వాలు చుట్టిన హారన్ వైపు చూసింది. "దేవుడు లేడంటివి. గంగమ్మ లేదంటివి. మరి ఎవురికి జడిసి తోస్తండావబ్బయా?"

నాకు ఊపిరాడటం లేదు. అయినా గొంతు తగ్గించే చెప్పాను.

"కాకులకి."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత గడ్డిమోపు అక్కడే వదిలేసి, నా పక్కకొచ్చి వ్యానుకు భుజం ఆనించింది.